లేని మేళానికి ఉన్న ఫోటో



ఈ పాఠంలో మనం ఒక మేళం కడదాం. మేళంలో అందరూ ఆడవాళ్లే. ఒకామె డప్పు కొడుతుంది. ఒకామె సన్నాయి ఊదుతుంది. ఒకామె డోలు వాయిస్తుంది. ఇంకొకామె తాళాలు వేస్తుంది. మేళానికి పేరు కూడా పెడదాం. ‘మల్లెపందిరి మహిళా మేళం’. పేరు బాగుంది కదా!

కానీ ఈ మేళం ఎక్కడా లేదు. మనకు సన్నాయి ఊదడం రాకపోవచ్చు. మన ఇంట్లో డోలు ఉండకపోవచ్చు. అయినా ఈ మేళానికి ఫోటో ఉంటుంది. ఆ ఫోటో చూసినవాళ్లు, “ఈ మేళం ఏ ఊరిది? పెళ్లికి పిలిస్తే ఎంత తీసుకుంటారు?” అని అడుగుతారు.

లేనిదానికి ఫోటో ఎట్లా వస్తుంది? అది తెలుసుకోవడమే ఈ పాఠం.

ఇది సరదా పని. అయితే దీని వెనక పెద్ద సంగతి ఉంది. లేని మేళాన్ని ఉన్నట్టు చూపించే విద్యతోనే, జరగని సంగతిని జరిగినట్టు కూడా చూపించవచ్చు. ఆ విద్య తెలిసిన మనిషి తొందరగా మోసపోదు. ఎవరైనా ఫోటో చూపించి బెదిరిస్తే తొందరగా లొంగదు.

1. బొంత లాంటి బొమ్మ

బొంత ఎట్లా కుడతాం? పాత చీర ముక్క ఒకటి తీసుకుంటాం. పంచె ముక్క ఒకటి తీసుకుంటాం. పిల్లల గౌను ముక్క ఒకటి తీసుకుంటాం. అన్నీ పక్కపక్కన పేర్చి కుడతాం. ముక్కలు వేరు వేరు. బొంత మాత్రం ఒక్కటే.

ఫోటోలతో కూడా ఇట్లాగే చెయ్యొచ్చు. ఒక ఫోటోలోంచి మనిషిని తీస్తారు. ఇంకొక ఫోటోలోంచి చెట్టును తీస్తారు. మరో ఫోటోలోంచి ఆకాశాన్ని తీస్తారు. అన్నిటినీ కలిపి ఒకే ఫోటో చేస్తారు. దీన్ని ‘ఫోటో మాంటేజ్’ అంటారు. మనం ‘అతుకు ఫోటో’ అందాం.

అతుకు ఫోటోలు మీరు చాలా చూసి ఉంటారు. పెళ్లి ఆల్బమ్‌లో పెళ్లికూతురు చందమామలో కూర్చుని ఉంటుంది. ఆమె చందమామలోకి వెళ్లిందా? లేదు. ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. అందులో పెద్ద నాయకుడి పక్కన మన వీధి కుర్రాళ్లు నవ్వుతూ ఉంటారు. ఆయన వాళ్ల పక్కన నిలబడ్డాడా? చాలాసార్లు లేదు. ఎవరి ఫోటో వాళ్లదే. దుకాణంలో కలిపారు.

సినిమాల్లో ఇట్లాంటి మాయలు పాతకాలం నుంచీ ఉన్నాయి. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ మీకు తెలుసు. ఆ సినిమాకు దర్శకుడు కె.వి. రెడ్డి. కెమెరా పని చేసినాయన మార్కస్ బార్ట్లీ. అందులో ద్వారకా నగరం కనిపిస్తుంది. అది నిజం పట్నం కాదు. చిన్న చిన్న బొమ్మ ఇళ్లు పేర్చి, దీపాలు పెట్టి తీశారు. మనం అది మాయ అని తెలిసే చూశాం. సంతోషపడ్డాం. అది మోసం కాదు. ఎందుకని? మాయ అని వాళ్లూ దాచలేదు, మనమూ మరిచిపోలేదు.

2. వంటింటి కత్తి పట్టిన చిత్రకారిణి

ఈ అతుకు విద్యను పెద్ద కళగా చేసినవాళ్లలో ఒక ఆడమనిషి ఉంది. ఆమె పేరు హన్నా హోఖ్. జర్మనీ దేశం. ఆమె 1889లో పుట్టింది. 1978లో చనిపోయింది.

ఆమె బెర్లిన్ నగరంలో ఒక పెద్ద పత్రికల సంస్థలో ఉద్యోగం చేసేది. అక్కడ ఆమె పని ఏమిటి? ఆడవాళ్ల పత్రికల కోసం కుట్టుపని నమూనాలు, అల్లికల నమూనాలు గీయడం. అక్కడ అచ్చయిన పత్రికలు చేతికి దొరికేవి. వాటిలోని ఫోటోలను ఆమె కత్తిరించేది. కొత్తగా అతికించేది. ఒక మంత్రి తల తీసి ఒక నాట్యగత్తె ఒంటి మీద పెట్టేది. ఒక యంత్రం చక్రం తెచ్చి పక్కన పెట్టేది. పెద్దమనుషుల గొప్పలు చూసి జనం నవ్వేట్టు చేసేది.

1919లో ఆమె ఒక పెద్ద అతుకు బొమ్మ చేసింది. దాని పేరు చాలా పొడుగు. ఆ పేరులో ‘వంటింటి కత్తితో కోశాను’ అనే అర్థం ఉంది. మగవాళ్లు నడిపే రాజకీయాన్ని ఆడదాని వంటింటి కత్తితో కోసి చూపించింది. జర్మనీలో ఆడవాళ్లకు ఓటు హక్కు 1918లో వచ్చింది. ఆ బొమ్మలో ఒక మూల చిన్న పటం అతికించింది. ఏ ఏ దేశాల్లో ఆడవాళ్లకు ఓటు ఉందో ఆ పటం చూపిస్తుంది.

1920లో బెర్లిన్‌లో ఆ చిత్రకారులు పెద్ద ప్రదర్శన పెట్టారు. ఆమెను చేర్చుకోవడానికి కొందరు మగ చిత్రకారులు ఒప్పుకోలేదు. చివరికి ఆమె బొమ్మ అక్కడ నిలిచింది. ఈనాటికీ ఆ బొమ్మ బెర్లిన్‌లో ఉంది.

అప్పుడు కంప్యూటర్ లేదు. కత్తెర, జిగురు, ఓపిక. ఇవే ఆమె పనిముట్లు.

3. లేని మేళానికి పేరొచ్చింది

ఇప్పుడు ఇంగ్లండు దేశం సంగతి. అక్కడ బీటిల్స్ అనే పాటల బృందం ఉండేది. నలుగురు కుర్రాళ్లు. లోకమంతా వాళ్ల పాటలు విన్నది. ఊరూరా తిరిగి పాడి పాడి వాళ్లు అలిసిపోయారు. 1966లో ఊళ్లు తిరగడం మానేశారు. “మనం మనంగా కాకుండా, ఇంకొక మేళం అయినట్టు పాడదాం” అనుకున్నారు.

అట్లా ఒక లేని మేళాన్ని పుట్టించారు. దాని పేరు ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’. అంటే సార్జెంట్ పెప్పర్ గారి ఒంటరి మనసుల సంఘం మేళం అన్నమాట. 1967లో ఆ పేరుతో గ్రామఫోను రికార్డు తెచ్చారు.

రికార్డు అట్ట మీద బొమ్మ కావాలి. లేని మేళానికి బొమ్మ ఎట్లా? పీటర్ బ్లేక్, జాన్ హావర్త్ అనే చిత్రకారులు ఆ పని తీసుకున్నారు. వాళ్లిద్దరూ అప్పుడు భార్యాభర్తలు. ‘మేళం కచేరీ అయిపోయింది, వినడానికి వచ్చినవాళ్లంతా వెనక నిలబడి ఉన్నారు’ అన్నట్టు బొమ్మ కట్టారు. ఆ వచ్చినవాళ్లు ఎవరు? సినిమా తారలు, రచయితలు, శాస్త్రవేత్తలు. 50 మందికి పైగా ఉన్నారు. నిజంగా ఎవరూ రాలేదు. వాళ్ల ఫోటోలను మనిషంత పెద్దగా చేసి, అట్టలకు అతికించి, చుట్టూ కోసి, రంగులు వేసి నిలబెట్టారు. ముందు బీటిల్స్ నలుగురూ తళతళలాడే బట్టలు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ల ముందు మేళం పేరు రాసిన పెద్ద డోలు. 1967 మార్చి 30న లండన్‌లో ఫోటో తీశారు. 1968లో ఆ అట్ట బొమ్మకు గ్రామీ బహుమతి వచ్చింది.

ఆ బొమ్మలో మన దేశం వాళ్లు కూడా ఉన్నారు. పరమహంస యోగానంద ఉన్నారు. ఆయన గురువు శ్రీ యుక్తేశ్వర్ గిరి ఉన్నారు. గాంధీ గారి బొమ్మ కూడా తయారు చేశారు. కానీ రికార్డు కంపెనీ పెద్ద వద్దన్నాడు. భారతదేశంలో జనం మనసు నొచ్చుకుంటుందని భయపడ్డాడు. అందుకే అచ్చయిన అట్ట మీద గాంధీ గారు కనిపించరు.

ఇంకొక ముఖ్యమైన సంగతి వినండి. ఆ బొమ్మలో పెట్టబోయేవాళ్లలో అప్పటికి బతికి ఉన్నవాళ్లకు ఉత్తరాలు రాశారు. “మీ ఫోటో పెట్టుకోవచ్చా?” అని అడిగారు. మే వెస్ట్ అనే సినిమా నటి మొదట వద్దంది. ఒంటరి మనసుల సంఘంలో తనకేం పని అని అడిగిందట. బీటిల్స్ నలుగురూ ఆమెకు మళ్లీ ఉత్తరం రాశారు. అప్పుడు ఒప్పుకుంది. ఇంకొక నటుడు 400 డాలర్లు ఇమ్మన్నాడు. ఇవ్వలేదు. ఆయన ఫోటో తీసేశారు.

అంటే ఏమిటి? అతకడానికి ముందు అడగడం ఉంది. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

4. మన మేళం కడదాం

ఇప్పుడు కత్తెర బదులు కంప్యూటర్ ఉంది. ఫోటోషాప్ అనే ప్రోగ్రాం 1990లో వచ్చింది. అమెరికాలో థామస్ నాల్, జాన్ నాల్ అనే అన్నదమ్ములు దాన్ని తయారు చేశారు. ఫ్లెక్సీ దుకాణాల్లో, ఫోటో స్టూడియోల్లో ఎక్కువగా వాడేది అదే. జింప్ అనే ప్రోగ్రాం కూడా ఉంది. దానికి డబ్బు కట్టనక్కరలేదు. కొన్ని ఫోన్లలో కూడా ఈ పని చెయ్యొచ్చు. ప్రోగ్రాం ఏదైనా పద్ధతి ఒక్కటే.

మొదటి మెట్టు: ఫోటోలు తీయడం.

మన దగ్గర వాద్యాలు లేవు కదా! వంటింట్లోకి పదండి. డప్పు కొట్టే ఆమె చేతికి జల్లెడ ఇవ్వండి. సన్నాయి ఊదే ఆమెకు పొయ్యి ఊదే గొట్టం ఇవ్వండి. డోలు ఆమెకు బిందె అడ్డంగా కట్టండి. తాళాలకు రెండు గిన్నె మూతలు చాలు. నవ్వుకోండి, ఫరవాలేదు. నవ్వితే ఫోటో బాగా వస్తుంది.

ఖాళీ చేతులతో ఎందుకు తీయకూడదు? ఖాళీ చెయ్యి ఖాళీగానే కనిపిస్తుంది. వస్తువు పట్టుకుంటే వేళ్లు సరిగ్గా ముడుచుకుంటాయి. భుజం మీద బరువు తెలుస్తుంది. తర్వాత ఆ వస్తువు ఉన్న చోట వాద్యం పెడితే అతికినట్టుంటుంది.

వాద్యాల ఫోటోలు వేరే తీయాలి. మీ ఊళ్లో మేళం వాళ్లుంటే వాళ్లను అడిగి తీసుకోండి. జల్లెడ ఏ వైపు తిరిగి ఉందో డప్పు కూడా అదే వైపు తిరిగి ఉండాలి.

ఫోటోలు తీసేటప్పుడు ఈ జాగ్రత్తలు తీసుకోండి:

– అందరినీ ఒకే పూట తీయండి. ఒకరిని పొద్దున, ఒకరిని సాయంత్రం తీస్తే రంగు కలవదు.
– ఎండ అందరి మీదా ఒకే వైపు నుంచి పడాలి.
– ఫోన్ ఒకే ఎత్తులో పట్టుకోండి. ఒకరిని పైనుంచి, ఒకరిని కిందినుంచి తీయకండి.
– వెనక ఖాళీ గోడ గానీ, కట్టిన దుప్పటి గానీ ఉండాలి. దాని రంగు చీర రంగులో కలిసిపోకూడదు. జుట్టు రంగులోనూ కలిసిపోకూడదు.
– పాదాలతో సహా తీయండి. పాదాలు తెగిపోతే మనిషి గాలిలో వేలాడుతుంది.

రెండో మెట్టు: చుక్కల సంగతి.

ముగ్గుకు చుక్కలు పెడతాం కదా! కంప్యూటర్‌లో ఫోటో కూడా చుక్కలే. ఒక్కో చుక్కకు ఒక్కో రంగు. మామూలు ఫోన్ ఫోటోలో అడ్డంగా 4,000 చుక్కలు, నిలువుగా 3,000 చుక్కలు ఉన్నాయనుకోండి. మొత్తం ఎన్ని? 1 కోటీ 20 లక్షల చుక్కలు!

చుక్కలు ఎక్కువ ఉంటే ఫోటోను పెద్దది చెయ్యొచ్చు. తక్కువ ఉంటే పెద్దది చేసినప్పుడు మసకబారుతుంది. ఆరు అంగుళాల పొడుగు, నాలుగు అంగుళాల వెడల్పు ఫోటో చక్కగా అచ్చు కావాలంటే 1,800 చుక్కలు అడ్డంగా, 1,200 చుక్కలు నిలువుగా ఉంటే చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో చుక్కలు తగ్గిపోతాయి. అందుకని ఫోన్‌లో ఉన్న అసలు ఫోటోనే ఇవ్వండి.

మూడో మెట్టు: పొరలు వేయడం.

నాలుగు అద్దం పలకలు తీసుకున్నారనుకోండి. అడుగు పలక మీద కొండ, ఆకాశం గీశారు. దాని మీది పలక మీద పందిరి గీశారు. ఆ పైదాని మీద మనిషిని గీశారు. అన్నిటికన్నా పైదాని మీద డప్పు గీశారు. ఒకదాని మీద ఒకటి పెట్టి పైనుంచి చూస్తే ఏం కనిపిస్తుంది? కొండ ముందు పందిరి. పందిరి ముందు మనిషి. మనిషి ముందు డప్పు. కంప్యూటర్‌లో ఈ పలకలనే ‘లేయర్లు’ అంటారు. మనం ‘పొరలు’ అందాం.

పొరల వల్ల లాభం ఏమిటి? డప్పును జరపాలంటే డప్పు పొరను మాత్రమే జరపొచ్చు. మనిషి కదలదు. కొండ కదలదు.

నాలుగో మెట్టు: మనిషిని వేరు చేయడం.

ముందుగా ఫోటోకు నకలు తీయండి. అసలు ఫోటో మీద పని చేయకండి. నకలులో మనిషి చుట్టూ గీత గీస్తారు. గీతకు బయట ఉన్న గోడను కనపడకుండా చేస్తారు. చెరిపేయడం వేరు, దాచడం వేరు. చెరిపితే పోయింది. దాస్తే మళ్లీ తెచ్చుకోవచ్చు. మంచి పనివాళ్లు దాస్తారు. దీన్ని ‘మాస్క్’ అంటారు. ముసుగు అన్నమాట.

కష్టమైన చోటు జుట్టు. కొంగు అంచు కూడా కష్టమే. అక్కడ గీత మరీ పదునుగా ఉంటే కత్తిరించిన కాగితంలా కనిపిస్తుంది. అంచును కొంచెం మెత్తగా చెయ్యాలి.

అయిదో మెట్టు: చేతికి వాద్యం ఇవ్వడం.

జల్లెడ మీద డప్పు పొర పెట్టారు. డప్పు వేళ్లను కప్పేసింది. ఇప్పుడేం చెయ్యాలి? వేళ్ల మీద ఉన్న డప్పు ముక్కను మాత్రం దాచాలి. అప్పుడు కింది పొరలోని వేళ్లు బయటికి వస్తాయి. డప్పును పట్టుకున్నట్టే ఉంటుంది. అతుకు ఫోటో బాగుందా లేదా అన్నది ఇట్లాంటి చిన్న పనిలోనే తేలుతుంది.

ఆరో మెట్టు: సైజు, నీడ, రంగు.

మనిషి బొమ్మను పెద్దది చేసేటప్పుడు మూల పట్టుకుని లాగాలి. పక్క పట్టుకుని లాగితే సన్నటి మనిషి లావైపోతుంది. వెనక వరసలో ఉన్నవాళ్లు కొంచెం చిన్నగా ఉండాలి.

నీడ మరవకండి. నీడ లేని మనిషిని దెయ్యం అంటారు కదా! ఎండ ఎడమ వైపు నుంచి వస్తుంటే నీడ కుడి వైపు పడాలి. పాదాల దగ్గర నీడ నల్లగా ఉండాలి. దూరం పోయేకొద్దీ పలచబడాలి.

చివరికి అన్ని పొరల రంగూ ఒక తీరుగా చెయ్యాలి. సాయంత్రం ఎండ పసుపు చాయగా ఉంటుంది. చెట్టు నీడలో తీసిన ఫోటో నీలం చాయగా ఉంటుంది. రెండూ పక్కపక్కన ఉంటే అతుకు బయటపడుతుంది.

ఏడో మెట్టు: పేరు రాయడం.

మేళం పేరు పెద్ద అక్షరాలతో రాయించండి. దూరం నుంచి కనిపించాలి. అక్షరాల కింద గజిబిజి ఉండకూడదు. లేత ఆకాశం మీద ముదురు రంగు అక్షరాలు బాగుంటాయి.

ఇక్కడే మన చదువు అక్కరకు వస్తుంది. అచ్చు వేసే ముందు కంప్యూటర్ మీద ఉన్నది మీరే చదవండి. ఒక్కో అక్షరం చదవండి. ‘మేళం’ అని ఉందా, ‘మేలం’ అని ఉందా? ‘మల్లె’ కింద ఒత్తు ఉందా, పోయిందా? ఒక కంప్యూటర్‌లో కొట్టిన తెలుగు ఇంకొక కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్కోసారి ఒత్తులు విడిపోతాయి. తప్పుతో అచ్చయితే డబ్బు మీది, నవ్వు ఊరిది. “నేను చదివాక అచ్చు వెయ్యి తమ్ముడూ” అని గట్టిగా చెప్పండి.

ఎనిమిదో మెట్టు: దాచుకోవడం.

రెండు రకాలుగా దాచుకోండి. పొరలు విడివిడిగా ఉన్నది ఒకటి. అన్నీ కలిసిపోయిన ఫోటో ఒకటి. రేపు మేళంలోకి అయిదో ఆమె చేరితే పొరలున్నది పనికొస్తుంది.

5. దుకాణంలో ఇట్లా మాట్లాడండి

– తమ్ముడూ, ఇవి మా నలుగురి ఫోటోలు. మా సంఘం కార్యక్రమానికి సరదాగా బొమ్మ కావాలి.

– ఇయ్యండక్కా. ఎల్లుండి రండి.

– ఎల్లుండి కాదు. మేం కూర్చుంటాం. ఎట్లా చేస్తారో చూస్తాం.

– సరే అక్కా. కూర్చోండి.

– పని అయ్యాక మా ఫోటోలు నీ కంప్యూటర్‌లో ఉంచొద్దు. వేరే బొమ్మలకు వాడొద్దు.

– అట్లాగే అక్కా. మీ ముందే తీసేస్తా.

ఇట్లా అడగడానికి మొహమాటపడకండి. ఫోటో మనది. అడిగే హక్కు మనది.

ఇంకొక మాట. బొమ్మ కింద చిన్న అక్షరాలతో ‘ఇది ఊహించి చేసిన ఫోటో’ అని రాయించండి. నిజం మేళం అనుకుని ఎవరూ బయానా ఇవ్వకుండా ఉంటారు!

6. అతుకు కనిపెట్టడం ఎట్లా?

ఇప్పుడు మనకు అతకడం తెలిసింది. అందుకని ఎదుటివాళ్ల అతుకు కూడా కనిపెట్టగలం. ఫోన్‌లో ఏదైనా వింత ఫోటో వస్తే ఇవి చూడండి:

– నీడలన్నీ ఒకే వైపు ఉన్నాయా?
– జుట్టు అంచు, చెవుల అంచు కోసినట్టుగా ఉందా?
– మెడ రంగూ ముఖం రంగూ కలుస్తున్నాయా?
– వేళ్లు సరిగ్గా ఉన్నాయా? వస్తువును నిజంగా పట్టుకున్నాయా?
– ఒకే ముఖం గుంపులో రెండుసార్లు ఉందా?
– వెనక ఉన్న బోర్డు మీద అక్షరాలు చదవడానికి వస్తున్నాయా?

అయితే కళ్లను మాత్రమే నమ్ముకోవద్దు. ఈ రోజుల్లో ఏ.ఐ. అనే కొత్త రకం కంప్యూటర్ ప్రోగ్రాంలు వచ్చాయి. ‘ఇట్లాంటి బొమ్మ కావాలి’ అని మాటల్లో చెబితే చాలు, అవే బొమ్మ చేసి ఇస్తాయి. అందులో అతుకు కనిపించకపోవచ్చు. అతుకు కనిపించలేదు కాబట్టి నిజం అనుకోకూడదు.

కళ్లతో పాటు నోరు కూడా వాడాలి. ఎవరు పంపారు? ఎక్కడ తీశారు? ఎప్పుడు తీశారు? ఎవరైనా కళ్లారా చూశారా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికే దాకా ఆ ఫోటోను ఇంకొకరికి పంపకండి.

పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా మోసపోతారు. 1917లో ఇంగ్లండులో ఇద్దరు ఆడపిల్లలు కాగితం మీద రెక్కల దేవతల బొమ్మలు గీశారు. కత్తిరించారు. పిన్నులతో గడ్డిలో నిలబెట్టి, వాటి పక్కన కూర్చుని ఫోటోలు తీసుకున్నారు. ‘నిజం దేవతలే’ అన్నారు. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్ అనే గొప్ప రచయిత నమ్మేశాడు. పత్రికలో రాశాడు. ఆ పిల్లలు ముసలివాళ్లయ్యాక, 1983లో, అవి కాగితం బొమ్మలని ఒప్పుకున్నారు. అన్నేళ్లు ఎందరో నమ్మారు. ఎందుకని? నమ్మాలని వాళ్ల మనసులో ముందే ఉంది. మన మనసు కోరుకున్న ఫోటో వచ్చినప్పుడే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

7. అడగకుండా అతికితే?

బీటిల్స్ బొమ్మకు సినిమా నటిని అడిగారు. ఆమె వద్దంటే ఆగారు. సినిమా నటికి ఉన్న మర్యాద మనకు లేదా? ఉంది. మన ఫోటో ఎవరు వాడుకోవాలన్నా మనల్ని అడగాలి. మేళం బొమ్మకు సరే అన్నామంటే మేళం బొమ్మకే. వేరే బొమ్మకు మళ్లీ అడగాలి. మనం కూడా పక్కింటి పిల్ల ఫోటో వాడాలంటే ఆమెనూ, ఆమె తల్లినీ అడగాలి.

కొందరు దుర్మార్గులు అడగరు. ఆడవాళ్ల ముఖాలను వేరే ఒంటికి అతికిస్తారు. చూడరాని బొమ్మ చేస్తారు. దీన్ని ‘మార్ఫింగ్’ అంటారు. 2020 తర్వాత మన తెలుగు రాష్ట్రాల్లో లోన్ యాప్‌ల వాళ్లు ఈ పని చాలా చేశారు. ఫోన్‌లో అప్పు ఇస్తారు. ఫోన్‌లో ఉన్న ఫోటోలు, నంబర్లు లాక్కుంటారు. అప్పు తీరినా ఇంకా కట్టమంటారు. కట్టకపోతే అతుకు బొమ్మ చేసి చుట్టాలకు పంపుతామని బెదిరిస్తారు. అవమానం అనుకుని ప్రాణాలు తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

అక్కా, ఆలోచించు. ఆ బొమ్మలో ఉన్నది ఎవరు? ముఖం ఒకరిది. ఒళ్లు ఇంకొకరిది. అది ఎట్లా చేస్తారో ఈ పాఠంలో చూశాం. జల్లెడ పట్టుకున్న ఆమె డప్పు కొట్టలేదు. అట్లాగే ఆ బొమ్మలో ఉన్నది ఆమె చెయ్యలేదు. సిగ్గుపడాల్సింది ఆమె కాదు. అతికినవాడు.

అట్లాంటి బొమ్మ ఎవరికైనా వస్తే ఇట్లా చెయ్యాలి:

– భయపడి డబ్బు కట్టకూడదు. కట్టినకొద్దీ ఇంకా అడుగుతారు.
– ఆ బొమ్మను, మెసేజ్‌ను వెంటనే చెరిపెయ్యకూడదు. అది సాక్ష్యం. నంబర్, తేదీ, టైము కాగితం మీద రాసి పెట్టుకోవాలి.
– ఒంటరిగా కుమిలిపోకూడదు. ఇంట్లో నమ్మకమైనవాళ్లకు చెప్పాలి. సంఘంలో చెప్పాలి.
– పోలీసులకు ఫిర్యాదు చెయ్యాలి. ఏ పోలీసు స్టేషన్‌లో అయినా ఇవ్వొచ్చు. ‘ఇది మా పరిధి కాదు’ అని తిప్పి పంపకూడదు. దీన్ని ‘జీరో ఎఫ్.ఐ.ఆర్.’ అంటారు.
– ఆ బొమ్మ మనకు వస్తే ఇంకొకరికి పంపకూడదు. పంపినవాళ్లదీ తప్పే.

ఈ నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి:

112 – ఏ ఆపద వచ్చినా పోలీసు సాయం
181 – మహిళల సహాయం
1930 – ఫోన్‌లో, కంప్యూటర్‌లో డబ్బు మోసం జరిగితే

చట్టం కూడా ఉంది. 2000 సంవత్సరం నాటి ఐ.టి. చట్టం. దానిలోని 67వ సెక్షన్ ప్రకారం చూడరాని బొమ్మలను ఫోన్లలో, కంప్యూటర్లలో ప్రచారం చేయడం నేరం. మొదటిసారి నేరం రుజువైతే 3 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు.

కొత్త మాటలు

మాంటేజ్ – ముక్కలు కలిపి చేసిన బొమ్మ
లేయర్ – పొర
మాస్క్ – ముసుగు. బొమ్మలో కొంత భాగాన్ని దాచడం
మార్ఫింగ్ – ఒకరి ముఖాన్ని ఇంకొక బొమ్మకు అతికి మోసం చేయడం
నకలు – అసలుదాని లాంటి రెండోది
సాక్ష్యం – నేరాన్ని రుజువు చేసేది

చదివి జవాబు చెప్పండి

1. హన్నా హోఖ్ తన బొమ్మలో ఏ పటం అతికించింది? ఎందుకు అతికించి ఉంటుంది?
2. బీటిల్స్ బొమ్మలో గాంధీ గారు ఎందుకు లేరు? మీకు అది సరైన పని అనిపించిందా?
3. చేతికి జల్లెడ ఇచ్చి ఫోటో తీయడం ఎందుకు?
4. అసలు ఫోటో మీద ఎందుకు పని చేయకూడదు?
5. బెదిరింపు బొమ్మను వెంటనే ఎందుకు చెరిపెయ్యకూడదు?

ఖాళీలు నింపండి

1. ఎండ ఎడమ వైపు నుంచి వస్తే నీడ ______ వైపు పడాలి.
2. కంప్యూటర్ ఫోటో ముగ్గు లాగా ______తో తయారవుతుంది.
3. మహిళల సహాయానికి నంబర్ ______.

చేసి చూడండి

పాత వారపత్రికలు తెచ్చుకోండి. కత్తెర, అన్నం మెతుకులు చాలు. ఒక ముఖం, ఒక వాద్యం, ఒక చెట్టు కత్తిరించి అట్ట మీద అతికించండి. మీ మేళానికి మీరే పేరు పెట్టి కింద రాయండి. ఆ బొమ్మను పక్క ఆమెకు ఇవ్వండి. అతుకు ఎక్కడెక్కడ ఉందో ఆమెను కనిపెట్టమనండి. తర్వాత ఆమె బొమ్మలో మీరు కనిపెట్టండి.